మొదటి ముద్ద

తుపాకీ దింపినవాడి చేతులు ఎప్పటికైనా ఖాళీ అవుతాయా?

యోహాను తనను తాను అడుగుతూనే గుట్ట ఎక్కుతున్నాడు. వెనక గుర్వయ్య. వీపుకు ఆనిన తుపాకీ గొట్టం.

"జల్ది నడువ్."

పొద్దుగూకింది. అమ్రాబాద్ అడవి కళ్ళముందే నల్లబడుతోంది. కాలు జారింది... రాయి దొర్లింది! గొట్టం ఇంకా గట్టిగా గుచ్చుకుంది.

గుర్వయ్యకు తుపాకీ పట్టడం నేర్పింది యోహానే. అప్పుడు యోహాను దళ కమాండర్. మెరుపులా ఠాణా మీద పడి, తెల్లారేలోగా నల్లమలలో మాయమయ్యేవాడు. తెలంగాణ వచ్చిన ఏడాది లొంగిపోయాడు. ఆ తర్వాత మధ్యవర్తి అయ్యాడు. సర్కారు మాట అడవికి, అడవి మాట సర్కారుకు. అతన్ని నమ్మి దిగివచ్చినవాళ్ళంతా ఇవాళ బతికే ఉన్నారు. అతనికున్న ఆస్తి అదొక్కటే.

అడవిలో ఇక మిగిలింది ఈ ఇద్దరే. గుర్వయ్య, సాలమ్మ.

బండ కింద సాలమ్మ ముడుచుకుని కూర్చుంది. జ్వరం. మనిషి సగమైంది. ఆమె చూపు యోహాను చేతిలోని క్యారియర్ మీదే ఉంది.

"ఏం తెచ్చినవన్నా?"

"అన్నం. మటన్ కూర."

"సర్కారు కూరనా? ఉప్పేసిన్రా, ఉత్త హామీలేనా?"

మూత తీశాడు. మసాలా వాసన. ఆమె చెయ్యి చాచింది.

"ఆగు." గుర్వయ్య గొంతు. "తెచ్చినోడే మొదలు తినాలె. గీ రూల్ పెట్టింది నువ్వే గదా అన్నా?"

అవును. ఎవరో పెట్టిన అన్నం తిని సగం దళం నురగలు కక్కి పోయిన నాడు, తనే పెట్టిన నియమం.

ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చాడు...

చెయ్యి ఆగింది!

క్యారియర్ అందిస్తూ పోలీసు అధికారి అన్న మాట గుర్తొచ్చింది. మీకు షుగర్ కదా, మీరు ముట్టకండి, వాళ్ళను తిననివ్వండి అన్నాడు. గుట్ట కింద జీపు ఉంటుంది, తిన్న అరగంటకు ఫోన్ చెయ్యమన్నాడు. ఇన్నేళ్ళ పరిచయంలో తన షుగర్ గురించి ఆయన ఎన్నడూ అడిగింది లేదు.

అరగంట ఎందుకు ఆగాలి?

అర్థమైంది. ఆయనకు కావలసింది లొంగుబాటు కాదు... శవాలు.

ముద్ద వదిలేశాడు. "ముట్టకుండ్రి. గిండ్ల ఏందో కలిపిన్రు."

గొట్టం గుండెకు ఆనింది.

"తెల్వకుంటనే తెచ్చినవా?" గుర్వయ్య నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "దొరికినంక కథ చెప్తున్నవ్. మమ్ముల అమ్మినవన్నా."

"నాకు తెల్వదు."

"ఎట్ల నమ్మాలె?"

న్యాయమైన ప్రశ్నే. ఈ అడవిలో మాటను మాట రుజువు చెయ్యదు. తనను కాల్చేస్తే వీళ్ళు మళ్ళీ లోపలికే పోతారు. ఈ జ్వరంతో సాలమ్మ బతకదు. అన్నం పారబోస్తే నాటకమంటారు. నిజమంతా ఆ గిన్నెలోనే ఉంది. దాన్ని బయటికి తీసే దారి ఒక్కటే.

గుర్వయ్య వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది...

"ఇను," అన్నాడు యోహాను. "జీపు దిక్కు పోకుండ్రి. పొద్దుగాల అమ్రాబాద్ల వారం అంగడి. జనం నడుమ తుపాకులు దింపుండ్రి. అంతమంది ముందల ఎవడూ కాల్చడు. సాలమ్మను సీదా దవాఖానకు తీస్కపో."

"మరి నువ్వు?" సాలమ్మ అడిగింది.

"నాకేమైతదో చూసినంకనే కదలుండ్రి."

ముద్ద తీసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

గొట్టం గుండె మీదే ఉంది.

రెండో ముద్ద కలిపాడు.