అబ్రెనికాల వాకిట్లో పాత రూలు

రోవేనా కొట్టిన సర్వ్ నెట్ అంచుని తాకి, వెళ్ళాలా వద్దా అని కాసేపు తటపటాయించి, కర్టిస్ వైపు పడింది. కర్టిస్ దాన్ని బుద్ధిగా చేత్తో పట్టుకున్నాడు. "నెట్ తగిలింది. మళ్ళీ కొట్టండి" అంటూ వెనక్కి విసిరాడు.

"మళ్ళీ ఏంటి? పాయింట్ నాది" అంది రోవేనా.

టకోమా కమ్యూనిటీ సెంటర్‌లో ఆ సాయంత్రం టెన్నిస్‌ని పోలిన పికిల్‌బాల్ ఆడుతున్నవాళ్ళంతా ఆటలు ఆపి మరీ వీళ్ళని చూశారు. టెన్నిస్ ఆడి పెరిగిన కర్టిస్‌కి నెట్ తగిలిన సర్వ్‌ని పట్టుకోవడం, తుమ్మొస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నంత అలవాటు. ఈ ఆటలో ఆ రూలు ఎప్పుడో తీసేశారనీ, నెట్ తగిలినా బంతి గీతల లోపల పడితే ఆడాల్సిందేననీ, పట్టుకున్నవాడికి పాయింట్ పోతుందనీ రోవేనా ఓపిగ్గా చెప్పింది.

"అది న్యాయంగా లేదు" అన్నాడు.

"న్యాయం సంగతి తర్వాత చూద్దాం. ముందు బంతి ఇవ్వండి."

ఇచ్చాడు. ఓడిపోయాడు కూడా. పై వారం ఆమె ఏ వేళకి వస్తుందో కనుక్కుని అదే వేళకి వచ్చాడు.

మీరు నువ్వయ్యేసరికి ఇద్దరూ పార్ట్‌నర్లయ్యారు. ప్రాక్టీసులో ఎదురుగా నిలబడి రోవేనా కావాలనే సర్వ్‌లు నెట్‌కి తగిలేలా కొట్టేది. అలవాటుగా అతని చెయ్యి బంతి మీదికి వెళితే నెట్ దాటొచ్చి, ప్యాడిల్ అనే ఆ ఆట బ్యాటుతో చేతి మీద ఒకటి తగిలించేది. "తగిలినా ఆగకు" అనేది. వానాకాలం ముగిసేలోగా కర్టిస్ ఆగడం మానేశాడు.

అయితే ఆటలో ఆగని మనిషి మాటల దగ్గర ఆగిపోయేవాడు. పార్కింగ్‌లో చినుకుల్లో నిలబడి ఆమె జుట్టు ముడి విప్పుకుంటూ ఉంటే, చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చేది. చివరికి "జాగ్రత్తగా వెళ్ళు" అని మాత్రం అనేవాడు.

అంతలో స్పోకేన్‌లోని ఓ ఆసుపత్రిలో రోవేనాకి నర్సు ఉద్యోగం వచ్చింది. స్పోకేన్ అంటే రాష్ట్రానికి ఆ చివర, కొండలకి అవతల. వస్తానో రానో ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలట. ఆ సంగతి చెప్పి, "ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రా. అమ్మా నాన్నా ఆడతారు" అంది.

ఆదివారం కర్టిస్ కారులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కూర్చుకున్న ప్రతి మాటా సందు తిరిగేసరికి వెగటు పుట్టించింది. ఈరోజు చెప్పకపోతే ఇక చెప్పే రోజుండదు. చెబితే వెళ్ళే మనిషి కాళ్ళకి అడ్డం పడ్డట్టవుతుంది.

రోవేనా వాళ్ళ ఇంటిపేరు అబ్రెనికా. ఆ అబ్రెనికాల ఇంటి ముందు కార్లు నిలిపే జాగాలో సుద్దతో గీసిన కోర్టు ఉంది. తుంపర పడుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఒక పక్క రోవేనా, కర్టిస్. అవతల ఆమె తండ్రి నెస్టర్, తల్లి లిలియా. లోపల్నుంచి నూడుల్స్ వాసన వస్తోంది. ఆట సరిసమానంగా నడిచింది. కర్టిస్ మాత్రం బంతినీ చూస్తున్నాడు, రోవేనా జేబులోని ఫోన్‌నీ చూస్తున్నాడు.

నెస్టర్ సర్వ్ చేశాడు. బంతి నెట్‌ని రాసుకుని ఇవతల పడింది. కర్టిస్ ఆగలేదు. నేర్పినట్టే దూకి బలంగా కొట్టాడు. ఇంకో సర్వ్ కోసం వెనక్కి తిరిగిన నెస్టర్ వీపు మీద బంతి చప్పుడు చేసుకుంటూ తగిలింది.

"ఇక్కడ పాత రూలే, కర్టిస్" అంది రోవేనా నెమ్మదిగా. "నెట్ తగిలితే మళ్ళీ కొడతారు. నీకు చెప్పడం మర్చిపోయాను."

నెస్టర్ వీపు తడుముకుంటూ నెట్ దగ్గరికి వచ్చాడు. "బయట ఏ రూలైనా పెట్టుకోనీ అబ్బాయ్. నా వాకిట్లో మాత్రం గాలివాటంగా జరిగినదానికి ఎవరూ నష్టపోనక్కర్లేదు" అన్నాడు.

ఆ మంచితనమే కర్టిస్ కొంప ముంచింది. క్షమాపణ చెప్పబోయి, "రోవేనా, స్పోకేన్ వెళ్ళకు" అనేశాడు.

ఆమె మొహం ముడుచుకుంది. "నాకు ఆర్డర్ వేస్తున్నావా?"

కర్టిస్ చెవులు వేడెక్కాయి. పరిగెత్తి కారెక్కేద్దామనిపించింది. కానీ ఇంత దూరం వచ్చి ఇంత చెడగొట్టాక మిగిలిందేముంది?

"కాదు. తప్పుగా వచ్చింది. మీ ఇంట్లో మళ్ళీ కొట్టనిస్తారు కదా, నన్ను మళ్ళీ చెప్పనియ్యి" అన్నాడు. "నువ్వు వెళ్ళు. నీకు నచ్చిన ఉద్యోగం, తప్పకుండా వెళ్ళు. నువ్వంటే నాకు ప్రేమ. ఉన్నా ప్రేమే, వెళ్ళినా ప్రేమే. ప్రతి శుక్రవారం కారేసుకుని వస్తాను. మంచు పడి కనుమ దారి మూసేస్తే తెరిచేదాకా కారులోనే కూర్చుంటాను. ఇదీ నేను చెప్పాలనుకున్నది."

లిలియా ప్యాడిల్ మొహానికి అడ్డం పెట్టుకుని వేరే వైపు చూసింది. రోవేనా జేబులోంచి ఫోన్ తీసింది. తడిసిన వేలితో ఏదో నొక్కింది.

"ఆసుపత్రివాళ్ళకి వస్తున్నానని చెప్పేశాను" అంది.

అతను తలూపాడు.

"అక్కడ నాకు పార్ట్‌నర్ లేడు. శుక్రవారం వచ్చేటప్పుడు నీ ప్యాడిల్ తెచ్చుకో" అంది రోవేనా. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇన్నాళ్ళూ జాగ్రత్తగా వెళ్ళు, జాగ్రత్తగా వెళ్ళు అని చంపావు కదా. ఈ మాట అప్పుడే చెబితే ఏం పోయేది?"

"మిస్టర్ అబ్రెనికా, నేను..." అంటూ కర్టిస్ తండ్రి వైపు తిరిగాడు.

"టీటో అను" అన్నాడు నెస్టర్. వాళ్ళ భాషలో మావయ్య అన్నట్టు, ఆ ఇంట్లో మేనల్లుళ్ళూ అయినవాళ్ళూ పిలిచే పిలుపది. "వానలో నానుతున్నాం, నన్ను సర్వ్ చెయ్యనియ్యి."

చేశాడు. బంతి మళ్ళీ నెట్ అంచుకే తగిలి ఇవతలకి ఒరిగింది. కర్టిస్ చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళి, ప్యాడిల్ దెబ్బకి భయపడి మధ్యలో ఆగిపోయింది.

"పట్టుకో" అంది రోవేనా. "ఇక్కడ పట్టుకోవచ్చు."