మూడో లైను మూలుగు

లౌటోకా ఊళ్ళో మా ప్లాస్టిక్ గొట్టాల ఫ్యాక్టరీలో మూడో లైను పేరెత్తితే రాత్రి షిఫ్టువాళ్ళు గొంతు తగ్గిస్తారు. ముసలి తొమాసి అక్కడే ఒంటరిగా పనిచేస్తూ గుండె ఆగి పోయాడు. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. అప్పట్నుంచీ చీకటి పడ్డాక అక్కడ ఎవరో మూలుగుతారని...

మా సూపర్‌వైజర్ రామ్‌నరేష్‌కి ఈ మాటలంటే మహా వెటకారం.

“చచ్చినవాడికి ఇంకో చోటే దొరకలేదా? ప్లాస్టిక్ కంపు కొట్టే ఈ షెడ్డే కావాలా?”

ఒకరోజు అక్కడ రాత్రి డ్యూటీ మాతో పనిచేసే వాసితికి వేశాడు. ఒక్కదానికే.

“ఒక్కదాన్ని చెయ్యను సార్. ఇద్దరం ఉండాలి. పడిపోతే చూసేవాళ్ళుండరు.”

“దెయ్యమంటే భయమని చెప్పొచ్చుగా! ఇవాళ్టికి ముందువైపు షెడ్డులో చెయ్యి. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని కసావా దుంపలు ఉడకేసుకో. ఆ లైను ఒక్కడికి ఎంత పనో నేను చూపిస్తాను.”

చూపించాడు మహానుభావుడు!

ఆ రాత్రే మిషను గరాటులో నల్లటి ప్లాస్టిక్ గింజలు పోశాడు. అవి లోపల కరిగి, మూతిలోంచి గొట్టమై వచ్చి, నీళ్ళ తొట్టిలో చల్లబడి, చివర రంపం కింద తెగుతున్నాయి. కాసేపు బాగానే నడిచింది.

అప్పుడు వినపడింది... “ఊ... ఊ...”

సరిగ్గా విందామని రంపం ఆపాడు.

“ఊ... ఊ...”

తొట్టిలో గాలి లాగే పంపుకి రబ్బరు చిరిగితే అలాగే మూలుగుతుందని మాకు పాఠం చెప్పింది ఆయనే. ఆ పాఠం ఆ క్షణాన ఎటు పోయిందో — మిషను ఆపకుండా, వెనక తలుపులోంచి చీకట్లోకి ఒకటే పరుగు.

షెడ్డు వెనక పల్లంలో, పొలం గట్టు కింద చెరకు దుబ్బుల్లో నక్కాడు. ఊపిరి బిగబట్టాడు. అంతా నిశ్శబ్దం.

చాలాసేపటికి... గడ్డిలో సరసరమని చప్పుడు. నెమ్మదిగా. ఆగకుండా. తనవైపే.

కదల్లేకపోయాడు. చల్లగా, తడిగా ఏదో మెడకి తగిలింది. భుజం మీంచి ముందుకి పాకింది... చెవి పక్కన ఆగింది.

దాని లోపల్నించి ఆడగొంతు, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు—

“ఎవరక్కడ?”

ఆయన నోరు తెరుచుకుంది. ఆగలేదు.

“తల్లీ... తప్పయిపోయింది. తొమాసి పక్కన మనిషిని పెట్టనిది నేనే. అక్కర్లేదన్నాను. వాసితిని తీసెయ్యను. ఆ లైనుకి ఎప్పుడూ ఇద్దర్నే పెడతాను... ఒట్టు. నన్నొదిలెయ్యి.”



ఈలోపు షెడ్డులో ఏం జరిగిందో గేటు కాపలా ఎపెలి చెప్పాడు నాకు. రంపం చప్పుడు ఆగిపోయిందేమిటా అని వాసితి వచ్చి చూసిందట. మనిషి లేడు. కోసే దిక్కు లేక గొట్టం తెగకుండా సాగిసాగి, వెనక తలుపు దాటి, చెరకు పల్లంలోకి పోతూనే ఉంది. ఆవిడ మిషను ఆపి, రంపంతో గొట్టం కోసి, సారు ఎక్కడైనా పడిపోయాడేమోనని కోసిన కొసకి నోరు పెట్టి పిలిచింది. జవాబంతా ఎపెలి కూడా పక్కన నిలబడి విన్నాడు.

వాసితి మళ్ళీ ఆ కొస దగ్గరికి వంగింది.

“సరే సార్. రేపు నాతో ఎవర్ని వేస్తున్నారు?”