ఓల్బియా కంచు డాల్ఫిన్లు

"మధ్యాహ్నం నా మొగుణ్ణి కొండకొమ్ము మీంచి తోసేస్తారట, అయ్యా! దొంగ డబ్బు పోశాడట!" అంటూ మెలిత్తా ఫిలిస్కోస్ ఇంటి గడపలోనే కూలబడింది.

ఆమె భర్త బాతోన్ ఓల్బియా నగరానికి నాణేలు పోతపోసే కంచరి. అక్కడ నాణెమంటే వేలెడైనా లేని కంచు డాల్ఫిన్. నెలరోజులుగా బజారులో దొంగ డాల్ఫిన్లు తిరుగుతున్నాయి. అదే నెలలో ఎందరో వాంతులతో మంచాన పడ్డారు. ఒక ముసలి జాలరి మరణించాడు. ఆ రెంటికీ సంబంధమున్నదని ఎవరికీ తోచలేదు.

నేరాల ఆచూకీ తీయడమే వృత్తిగా గల ఫిలిస్కోస్ పళ్ళు కొరికాడు. శిష్యుడు థేరోన్‌ను వెంటబెట్టుకొని బజారుకు వెళ్ళాడు.

ఓల్బియాలో చిల్లరను బుగ్గన దాచుకోవడం అలవాటు. చేపలమ్మే గోర్గో తన బుగ్గలోని డాల్ఫిన్‌ను అరచేతిలోకి ఉమ్మింది. "ఇదిగో, ఒకటే చేదు! పోసినవాడి చేతులు పడిపోను!"

ఫిలిస్కోస్ పక్కకు తిరిగి దాన్ని గోటితో గీకాడు. పసుపు పూత లేచి, అడుగున సీసం కనిపించింది.

"కంచులా కనబడాలని హరిదళం పూశారు. విషం," అని థేరోన్ చెవిలో అన్నాడు. తర్వాత గోర్గోతో, "మిగతావీ ఉమ్మెయ్యమ్మా," అన్నాడు.

అంతలో బజారు అధికారి నికేరాతోస్ చేప కొని, నడుముకు కట్టిన సంచిలోంచి డబ్బు తీశాడు. "ఏమయ్యా, కంచరివాణ్ణి పట్టింది నేను. నీకు మిగిలింది చేప ముళ్ళే!"

"నెల కిందటిదాకా నీ బుగ్గ నా బుగ్గకంటే లావు కదా దొరా, ఇప్పుడీ సంచీ సోకేమిటి?" అంది గోర్గో.

"పంటినొప్పి," అంటూ అతడు బాదంకాయను పళ్ళతో పటుక్కున పగలగొట్టాడు.

ఫిలిస్కోస్ అక్కడినుంచి నేరుగా గుడి ముంగిటికి నడిచి అందరినీ పిలిపించాడు. బాతోన్ చేతులు కట్టి ఉన్నాయి. "తోసెయ్యండి!" అని జనం అరుస్తున్నారు.

"సిగ్గులేదా మీకు?" ఫిలిస్కోస్ గర్జించాడు. "సీసానికి హరిదళం పూసిన డబ్బు అది. బుగ్గన పెట్టుకున్నందుకే మీరు కక్కుకున్నారు, ముసలాయన చచ్చాడు. బాతోన్, నోరు తెరువు."

బాతోన్ నాలుక నిండా పుళ్ళు.

"విషమని తెలిసినవాడు దాన్ని చప్పరిస్తాడా? నెల కిందటే బుగ్గ ఖాళీ చేసుకున్నవాడు ఒక్కడే. పంటినొప్పట! ఆ పళ్ళతోనే నా ఎదుట బాదంకాయ పగలగొట్టాడు. నికేరాతోస్, నీ సంచిలోవి నోట్లో పోసుకో. మంచివైతే నీ కాళ్ళు పట్టుకుంటాను."

నికేరాతోస్ వెనక్కి జరిగాడు. గోర్గో సంచి లాక్కుని, గుప్పెడు డాల్ఫిన్లు అతడి పెదవులకు అదిమింది. "చప్పరించు దొరా! ముసలాయన చప్పరించలేదూ?"

"వద్దు! చచ్చిపోతాను!"

ఆ మాటతో విచారణ ముగిసింది. జనం మళ్ళీ "తోసెయ్యండి!" అని అరిచారు, ఈసారి నికేరాతోస్‌ను చూసి. పెద్దలు బాతోన్ కట్లు విప్పి, రేపటినుంచి పనిలోకి రమ్మన్నారు.

మెలిత్తా భర్త చెయ్యి అందుకుంది.

"మీ డబ్బు మీరే పోసుకోండి," అని, అతణ్ణి పడవల రేవు వైపు నడిపించుకుపోయింది.