పళ్లెం వైపు చూడని పిల్ల

మల్కాపురంలో పొద్దున్నే వరండా గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడిపోతుంది. పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే ఆ బొగ్గు దుమ్మంటే అనూరాధకి కాపురానికొచ్చిన నాటి నుంచీ అసహ్యమే. అందుకే నాలుగేళ్ల కూతురు ధనశ్రీని గుమ్మం దాటనిచ్చేది కాదు. చేతికి ఫోనిచ్చి సోఫాలో కూర్చోబెడితే పిల్లా శుభ్రంగా ఉంటుంది, ఇల్లూ శుభ్రంగా ఉంటుంది.

ఆ ఆదివారం ఆమె స్నానం చేసి వచ్చేసరికి సోఫా ఖాళీగా ఉంది. వీధి చివర ఖాళీ స్థలంలో అత్తగారు జోగమ్మ చతికిలబడి కూర్చునుంది. పక్కనే ధనశ్రీ, మోచేతుల దాకా బురదతో, కేరింతలు కొడుతోంది.

అనూరాధ పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చి బాత్రూంలో నిలబెట్టింది. సబ్బు పెట్టి రుద్దుతుంటే గోళ్ల సందుల్లోంచి మురికి కారింది. వెనకే వచ్చి నిలబడ్డ జోగమ్మ వైపు తిరిగింది.

"అక్కడ కుక్కలు పడుకుంటాయి. వచ్చేపోయేవాళ్లు ఉమ్ముతారు. ఆ రొచ్చులోకి నా పిల్లని ఎలా దింపారు అత్తయ్యా?"

"మట్టేనే అమ్మాయ్, కడిగితే పోతాది. గుంట పొద్దస్తమానం ఆ ఫోన్లోనే కళ్లెట్టుకుని ఉంటాది. పిలిస్తే పలకదు. దాని మొకం సూసినావేటి నువ్వు?"

"శుభ్రం గురించి మీకేం తెలుసు? ఇకమీదట దాన్ని ముట్టుకోకండి."

జోగమ్మ తన చేతులకేసి ఓసారి చూసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

అనూరాధ ఇడ్లీ ముక్కల మీద పంచదార జల్లి, పళ్లెం పిల్ల పక్కన పెట్టి, ఫోన్లో బొమ్మలు పెట్టిచ్చింది. వాషింగ్ మెషీన్లో బట్టలు వేసి, చెల్లెలితో కాసేపు మాట్లాడి తిరిగొచ్చింది.

తెల్లటి ఇడ్లీ కదులుతోంది. దగ్గరికెళ్తే ఎర్రచీమలు. పళ్లెం నిండా, సోఫా మీద, పిల్ల వేళ్ల మీద, గడ్డం మీద చీమలే. ధనశ్రీ ఓ ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. పై పెదవి ఉబ్బిపోయి ఉంది. అయినా నములుతూనే ఉంది. కళ్లు మాత్రం ఫోను మీంచి కదల్లేదు.

"ధనా, ఉమ్మేయమ్మా."

పలకలేదు. ఫోను లాక్కుంటే తల్లి మణికట్టు కొరికింది. ఎత్తుకోబోతే గౌను తడిగా తగిలింది. ఎప్పుడు పోసుకుందో, అందులోనే కూర్చునుంది. ఆ వాసనకి అనూరాధ మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఏడుపు విని జోగమ్మ పరుగున వచ్చింది. పిల్ల నోట్లో వేలు పెట్టి, నమిలిన ఇడ్లీని, చీమలని అరచేతిలోకి లాగేసింది. మొహం చిట్లించుకోలేదు.

"ఎంతసేపట్నుంచి తింటోందో... నేను చూడనే లేదు అత్తయ్యా."

"ముందు నీళ్లు అట్రా. నువ్వేడిస్తే గుంట జడుసుకుంటాది."

అనూరాధ నీళ్ల చెంబు తెచ్చి అందించింది. ఇప్పుడు ఆమెకి రోత పుట్టింది చీమల మీద కాదు, తన మీద.

సాయంత్రం ధనశ్రీ ఫోను కావాలని నేల మీద పడి దొర్లింది. అనూరాధ ఇవ్వలేదు. ఏడ్చేడ్చి వెక్కుతున్న పిల్లని ఎత్తుకుని అత్తగారి గది గుమ్మంలో నిలబడింది.

"పొద్దున అనకూడని మాట అన్నాను. మనసులో పెట్టుకోకండి."

జోగమ్మ తలూపింది.

"ఆ ఖాళీ స్థలానికి తీసుకెళ్తున్నాను. మీరూ రండి అత్తయ్యా." అనూరాధ పిల్లని భుజం మార్చుకుంది. "నాకు దీంతో ఆడటం రాదు."

జోగమ్మ లేచి కొంగు నడుముకి దోపుకుంది.

"నాకు మాత్రం వచ్చేటి? అదే నేర్పుతాది, పద."