నాలుగు ముద్దల తర్వాత

"వద్దా? ఇయ్యాల సుత వద్దేనా? నాలుగు ముద్దలకే కడుపు నిండిందా నీకు!"

స్నేహలత గొంతు వాకిలి దాటి వీధిలోకి వినిపించింది. మంచం మీద ఆమె భర్త మహేందర్ ఎడమచెయ్యి ఛాతీ దాకా లేచి, అరచెయ్యి నిలబెట్టి ఆగిపోయింది. రెండు నెలలుగా అదే సైగ! నాలుగు ముద్దలు మింగగానే ఆ చెయ్యి లేస్తుంది... ఇక చాలు, తీసెయ్యి అన్నట్టు! చెరకు లారీ దిగి వచ్చి నాలుగు జొన్నరొట్టెలు తిన్నాక కూడా ఇంకేముందని అడిగిన మనిషి! పక్షవాతం కుడిపక్కనూ మాటనూ తీసుకుపోయింది సరే, ఆకలిని కూడా ఎత్తుకుపోయిందా? విసురుగా పళ్లెం పక్కకు నెట్టి, చాట ఒళ్లోకి లాక్కుని కత్తెర అందుకుంది. పొద్దుగూకేలోపు బీడీలన్నీ కార్ఖానాకు చేరాలి. బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా... ఎవరితో మాట్లాడినా తల ఎత్తరు. ఎత్తితే ఆకు వంకరపోతుంది. బోధన్‌లో ఆ వీధి ఆడవాళ్లంతా చాటలోకి చూస్తూనే కాపురాలు చేస్తారు.

"అన్నం కాడ గొంతు లేపకు బిడ్డా," అంది అత్త భీమవ్వ. రెండు కళ్లకూ శుక్లాలు కమ్మి, అలికిడిని బట్టి మనుషుల్ని పోల్చుకునే ముసలామె. "పాణంతోని ఉన్నడు. గదే పదివేలు అనుకో."

"ఏమున్నదత్తమ్మా? మాటున్నదా? చెయ్యున్నదా? నేను పెట్టిన బువ్వ సుత అక్కెర లేకపాయె! నేనంటెనే అక్కెర లేదాయనకు!"

చాటలో ఆకు తడిసింది. చెప్పండి, ఏ ఆడదానికైనా ఎన్నాళ్లని ఓపిక మిగులుతుంది? ఒళ్లు తుడవాలి, పక్క మార్చాలి, పొద్దంతా చుట్టాలి. పైగా నిన్ననే నిజామాబాద్ డాక్టరు మెల్లగా చెప్పాడు. "మనిషి ఎండిపోతున్నడమ్మా. సోమవారం దాక సూద్దాం. గిట్లనే తినకుంటె ముక్కుల గొట్టం ఎయ్యాలె. ఆయనకే బతకాల్నని లేదేమో..." ఆ చివరిమాట దగ్గరే ఆమె మనసు కొట్టుకుంటోంది. ఏడడుగులు నడిచిన మనిషి, తన చేతి ముద్ద వద్దని చచ్చిపోవాలనుకుంటున్నాడా!

ఆదివారం పొద్దున కార్ఖానాలో చుట్టడానికి ఆకు ఇవ్వలేదు. మంగళవారం రమ్మన్నారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన స్నేహలతకు ఆ కోపం కూడా మొగుడి మీదికే మళ్లింది. అయినా పప్పన్నం మెత్తగా పిసికి మంచం పక్కన కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... చెయ్యి లేచింది. అలవాటు కొద్దీ పళ్లెం వెనక్కి తీసుకుంది. కానీ ఆ పూట తల దించుకోవడానికి ఒళ్లో చాట లేదు. ఏం చెయ్యాలో తోచక ఆయన మొహంలోకి చూసింది.

అయ్యో! ఆయన కళ్లు పళ్లెం వెంటే వస్తున్నాయి! పసిపిల్లాడి కళ్లలా!

అంతలో ఆ కళ్లు ఆమె మీదికి తిరిగి నీళ్లతో నిండాయి. లేచిన చెయ్యి దిగి, చచ్చుబడిన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. ఛాతీ దాకా ఈడ్చుకొచ్చింది. వదిలి, దానికి ఎడమ అరచెయ్యి ఆనించేలోపే కుడిచెయ్యి జారిపోయింది. మళ్లీ ఈడ్చాడు. మళ్లీ జారింది. మూడోసారి ఇక చేతకాక, ఒక్క అరచెయ్యే ఛాతీ ముందు నిలబెట్టి, ఆమె వైపు తల వంచాడు.

"ఏమైందే? సప్పుడు లేదేంది?" భీమవ్వ గోడ తడుముకుంటూ వచ్చింది.

"దండం... దండం పెడుతుండత్తమ్మా!"

"ఎవ్వలకు బిడ్డా?"

"నాకు!" స్నేహలత గొల్లుమంది. "వద్దంటుండనుకున్న! బువ్వ పెట్టినందుకు దండం పెడుతుంటె... రెండు నెలల సంది పళ్లెం గుంజుకున్న! ఆకలిమీదున్నోని ముందలకెళ్లి గుంజుకున్న!"

పళ్లెం పోయాక ఆ చెయ్యి ఎన్నిసార్లు ఆమె కోసం చాచుకుందో... పెళ్లానికి తీరిక లేదు, తల్లికి చూపు లేదు! ఏడుస్తూనే అయిదో ముద్ద పెట్టింది. ఆత్రంగా మింగాడు. ఆరోది సగమే దిగింది. ఏడో ముద్దకు పొలమారి కళ్లు తేలేశాడు. మర్నాటి దాకా గుక్కెడు గంజి కూడా దిగలేదు. ఆకలి ఉంది, అన్నం ఉంది, పెట్టే చెయ్యి ఉంది... మింగే శక్తి ఒక్కటే లేకుండా పోయింది. ఎవరిని తిట్టుకోవాలి?

సోమవారం నిజామాబాద్ ఆసుపత్రిలో నర్సు గొట్టం వేసి, ప్లాస్టర్ అంటించి, పాలు ఎక్కించింది. పాలు దిగుతుండగా మహేందర్ ఎడమచెయ్యి మెల్లగా ఛాతీ దాకా లేచింది.

"ఏందమ్మా, వద్దంటుండా? గిట్లయితె ఎట్లా?" నర్సు విసుక్కుంది.

స్నేహలత గబగబా వంగి, తన కుడి అరచేతిని ఆయన అరచేతికి ఆనించి పట్టుకుంది.

"వద్దంటలేడు సిస్టరమ్మా... నీకు దండం పెడుతుండు. ఆయనకు ఒక్క చెయ్యే లేస్తది... గందుకే నాది కలిపిన."