తెల్లమిద్దెల పార్కులో పిలుపు

"హజరత్తయ్యా... ఓ హజరత్తయ్యా...!"

పిలుపు పార్కులోని తెల్లమిద్దె మీదినుంచి వచ్చింది. పార్కు కావలి కాసే మా నరసయ్య మామ లాంతరు పైకెత్తినాడు.

చీకటి పడితే ఆ పార్కులోకి ఎవరూ పోరు. ఎప్పుడో ఉప్పు కొటార్లు చూసే తెల్లదొరలు కట్టిన మిద్దెలు అక్కడ మూడుండేవి, సముద్రం వైపు మొహం పెట్టి. పోయినేడు పంచాయతీవాళ్లు ఒకటి కూల్చి రేడియోకి అరుగు కట్టినారు. ఆ సాయంత్రమే, చేపల వేటకి పోయిన హజరత్తయ్య తెప్ప ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో తిరగబడి ఆయన చచ్చిపోయినాడు. మిగతా రెండూ కూల్చాలని కూలీల్ని పిలిపించినప్పుడల్లా ముందురాత్రి మిద్దెమీద దీపం... ఆ ఆడగొంతు.

దెయ్యం గాక ఇంకెవరు? కట్టుకున్నదైతే మొగుడి పేరు నోటితో పలకదు గదా!

"ఈ రాత్రి నువ్వు పైకెక్కి చూడు. లేకుంటే పని మానుకో" అన్నాడంట పగలే మామతో పంచాయతీ ప్రెసిడెంటు జయరామయ్య.

మామ మెట్లెక్కినాడు. గబ్బిలాల కంపు... కాళ్లకింద రాలిన సున్నం... నేలమీద పాలు ఒలికినట్టు వెన్నెల — మామ అట్లా చెప్పలేదు, నాకే అట్లా కనబడతాది.

కిటికీలో... జుట్టు విరబోసుకుని...

"ఎ... ఎవురు?"

"అరవబాక నరసన్నా. నేనే."

కామమ్మ! హజరత్తయ్య పెళ్లాం!

"నువ్వా? మొగుడి పేరు... నీ నోటితోనా?"

"ఇంకేం పిలిస్తే భయపడతారు?" గుసగుసగా అనింది. "ఈ మిద్దెల్ని గురుతు పెట్టుకునే గదన్నా మనోళ్లు ఏటిమొగలోకి తెప్ప తిప్పేది. ఒకటి పోతేనే ఆయన దారి తప్పినాడు. ఇవీ పోతే నా కొడుకు కామాక్షయ్య ఒడ్డుకి ఎట్లొస్తాడు?"

"ఈ మాటే పంచాయతీలో చెప్పొచ్చు గదమ్మా?"

కామమ్మ తల దించుకుంది. "నోరు రాదన్నా... బిడ్డకి తెలిసిపోతాది."

ఏం తెలుస్తుందో మామకి అర్థం కాలేదు.

తెల్లారింది. సూళ్లూరుపేట కూలీలు గునపాలతో దిగినారు.

"ఏం కావలాయనా, దెయ్యం నీకు బువ్వ పెట్టిందా?" మేస్త్రీ పోలేరయ్య నవ్వినాడు.

"దెయ్యం నేనే" అంటా కామమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

నవ్వులు ఆగిపోయినాయి. జయరామయ్య కసిరినాడు — "నీకేం సంబంధం? తప్పుకో!"

అప్పుడే వేటనుంచి వచ్చిన కామాక్షయ్య, తడివల భుజాన వేసుకునే జనాన్ని తోసుకుని ముందుకొచ్చినాడు. "అమ్మా! ఈడేం చేస్తా ఉండావు?"

ఆమె కొడుకు మొహంలోకి చూసింది. పోలేరయ్య గునపం ఎత్తినాడు.

"ఆగు!" అని అరిచింది. కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పోయినేడు మీ నాయన తెప్పెక్కి పోయినాక, ఆ పొద్దు నేను కూలికొచ్చినా అయ్యా. దుమ్ముకని మొహానికి కొంగు కట్టుకున్నా, ఊళ్లో ఎవరూ గుర్తుపట్టలా. మీ నాయన దారి చూసుకునే మిద్దెని... ఈ చేతుల్తో నేనే పడగొట్టినా."