సుమిత్రమ్మ చెక్కిన మడతకత్తి

"రెండొందలు," అన్నాడు గౌతమ్, కత్తిని సరిగ్గా చూడకుండానే.

జ్యోతికకు ఒళ్లు మండింది. "జర మంచిగ చూసి చెప్పరాదు?"

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత గడియారాలు, నాణేలు, కత్తులు కొని అమ్మే చిన్న దుకాణం అతనిది. ఎదురుగా కస్టమర్లు, చేతిలో ఆగకుండా మోగుతున్న ఫోను. అయినా మర్యాదకి మడతకత్తిని ఒక ఫొటో తీశాడు. "కంపెనీ బ్లేడండి. ఇలాంటివి బోలెడు వస్తాయి. పిడి మీద ఎవరో ఏదో గీకారు."

"గీకిన్రా? మా నాన్న దీన్ని పానం లెక్క చూసుకున్నడు!"

కత్తి లాక్కుని బయటికి నడిచింది. వాన మొదలైంది.

మెట్రో స్టేషన్‌లో గార్డు ఆమె బ్యాగు ఆపాడు. "కత్తి లోపలికి తీస్కపోనియ్యరు మేడమ్. బయటికన్న పోండ్రి, గీ డబ్బాల అన్న ఎయ్యిండ్రి."

వెనక క్యూ విసుక్కుంటోంది. ఆటో నడపడం మానేశాక నాన్న సీతారాములే అన్నాడు, "మూలకు పడుండుడెందుకు బిడ్డా, కదర్ తెలిసినోళ్లకియ్యి" అని. విలువ తెలిసినవాడనుకుని వెళితే రెండొందలన్నాడు. జ్యోతిక చెయ్యి డబ్బా మీదికి వెళ్లింది. వేళ్లు మాత్రం విడవలేదు.

"పడెయ్యకండి!"

తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయి, రొప్పుతూ గౌతమ్.

"బేరానికొచ్చిన్రా? మూడొందలా?"

"సారీ అండీ, తప్పు చెప్పాను. మీరు వెళ్లాక ఫొటో పెద్దది చేసి చూశాను. మీరు మెట్రో వైపు వెళ్లడం గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాను. బ్లేడు కంపెనీదే. పిడి మాత్రం పాతది తీసేసి, గేదె కొమ్ముతో కొత్తగా చేశారు. పిడి మీద చెక్కిన ఈ తాటాకుల మధ్య చూడండి, చిన్న 'సు'. కొమ్ము చెక్కడంలో పేరున్న సుమిత్రమ్మ గారి గుర్తది. ఆవిడ చెక్కిన కత్తి ఒకటి కిందటేడు లక్షకి పైనే పోయింది."

జ్యోతిక కత్తిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఆ అక్షరం చూసింది. "ఐదొందలిస్తనని కొనుక్కుంటె అయిపోతుండె. నాకెట్ల తెలుస్తుండె?"

"మళ్లీ మిమ్మల్ని చూడాలంటే నాకు మొహం ఉండాలి కదండీ."

నవ్వు కనబడకుండా ఆమె అటు తిరిగింది. బస్‌స్టాపు దాకా గొడుగులో సగం ఇచ్చింది. పెద్ద సగం తనే ఉంచుకుంది.

ఎల్బీ నగర్‌లో ఇంటికి వెళ్లాక సీతారాములు అసలు సంగతి చెప్పాడు. "శానా ఏండ్ల కింద చౌరస్తాల ఓ సారు ఛాతి పట్టుకొని కూలవడ్డడు. ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికించిన. కిరాయి తీసుకోలె. బాగైనంక స్టాండుకొచ్చి ఇది నా చేతుల పెట్టిండు. పేరు గూడ అడగకపోతి."

గౌతమ్ వాళ్లకూ వీళ్లకూ ఫోన్లు చేసి సుమిత్రమ్మ ఇల్లు కనుక్కున్నాడు. ఆదివారం తండ్రీకూతుళ్లను వనస్థలిపురం తీసుకెళ్లాడు.

తల నెరిసిన ఆ పెద్దావిడ పిడి మీద బొటనవేలు పెట్టి ఆగిపోయింది. "ఇది మా ఆయన కోసం చెక్కిన. నువ్వేనా అన్నా, ఆ ఆటో నడిపింది?"

సీతారాములు కత్తి ముందుకు చాపాడు. "మీ చేతిపని తల్లీ. మీ తాన ఉండుడే న్యాయం."

ఆమె అతని పిడికిలి మూసేసింది. "ఆ దినం నువ్వు లేకుంటె ఆయన లేడు. తర్వాత ఎన్ని ఏండ్లు నా పక్కన కూసొని చాయ్ తాగిండో! అవన్నీ నువ్విచ్చినయే అన్నా. మళ్ల స్టాండుకొస్తె నువ్వు ఆటో ఇడిచినవన్నరు. నీ కోసం ఎంత తిరిగినమో తెలుసా?"

సీతారాములు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. జ్యోతిక బయటికి వచ్చేసింది. వెనకే గౌతమ్.

"మీరు ఉరికి రాకుంటె మా నాన్న గీ మాట ఇనకపోతుండె," అంది కళ్లు తుడుచుకుంటూ. "మీ మేలు మర్చిపోను."

"కత్తి కోసమే పరిగెత్తాననుకున్నానండీ. స్టేషన్‌లో మీరు కనబడ్డాక తెలిసింది, కాదని."

"ఏందీ?"

"మీరంటే ఇష్టమండీ. కోపంగా ఉన్నప్పుడు కూడా."

"గిది మా నాన్నతోని చెప్పే ధైర్యమున్నదా?"

"చెప్పే పని లేదు, ఇన్న," అంటూ సీతారాములు గడపలోకి వచ్చాడు. గౌతమ్ గబుక్కున జ్యోతికకు దూరం జరిగాడు. సీతారాములు అతన్ని కాసేపు చూసి, చెయ్యి చాపాడు.

"జర పట్టుకో కొడుకా. మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగాలె."

కూతురి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పట్టని మనిషి. జ్యోతిక ఒక మెట్టు కిందికి దిగి, గౌతమ్‌కి చోటిచ్చింది.